లేని రోగానికి మందు

పెళ్లి జాకెట్టు మీద నెమలి కన్ను కుట్టాలంటే, సీతాఫల్‌మండిలోని ఒక మగ్గం వర్క్ షాపులో యజమాని భవానికే ఇచ్చేవాడు. ఆమె చెయ్యి అంత సన్నని పనికి అలవాటు పడింది. పదిహేడో ఏట పనిలో చేరింది. రెండేళ్ల తర్వాత సలోమి వచ్చి ఎదురుగా కూర్చుంది. చెక్క ఫ్రేముకు బిగించిన ఒకే పట్టుగుడ్డ మీద చెరో వైపు నుంచి కుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకునే పని అది. ఎప్పుడు మొదలైందో ఇద్దరూ చెప్పలేరు గానీ, ఒకరు రాని రోజు ఇంకొకరికి పూట గడిచేది కాదు.

భవాని తల్లి ఎల్లమ్మ తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతుంది. భర్త పోయాక బిడ్డను ఆ బండే సాకింది. భవానికి ఇరవై ఆరు నిండాయి. ఒక సాయంత్రం మిగిలిన పాలకూర కట్టలు నీళ్లలో ముంచుతూ ఎల్లమ్మ ఒక సంబంధం గురించి ఎత్తింది.

"సంబంధాలు చూడకమ్మా. నేను మొగోన్ని చేసుకోను."

"ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడు చేసుకుంటవే?"

"ఎప్పుడూ చేసుకోను. నా మనసు సలోమి మీద ఉంది. దోస్తానీ అనుకోకు. ఆలుమొగలు ఎట్లుంటరో, గట్ల."

ఎల్లమ్మ అరవలేదు, కొట్టలేదు. అరిచి ఉంటే భవాని ఏదో ఒకటి ఎదురు చెప్పేది. "ఎప్పటి సంది గిట్లయితుంది బిడ్డా?" అంది, జ్వరం ఎన్నాళ్లుగా ఉందని అడిగినట్టు.

బిడ్డ చెప్పినదానికి ఎల్లమ్మ దగ్గర పేరు లేదు. తనలో తాను "అది" అనుకునేది, అంతే. పేరు పెట్టినవాడు సుబ్బరాజు. బోయిన్‌పల్లి మార్కెట్ వెనక సందులో మందులిచ్చే మనిషి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాడు. గంపలు మోసి మోసి ఎల్లమ్మ మోకాళ్లు పట్టేసినప్పుడు అతనిచ్చిన నూనె రాసి మర్దన చేసుకుంటే నిజంగానే నొప్పి తగ్గింది. మెట్లు ఎక్కలేనిది మళ్లీ బండి తోసింది. అందుకే ఆమెకు అతని మీద గురి.

బతిమాలి బతిమాలి బిడ్డను అక్కడికి తీసుకుపోయింది. సుబ్బరాజు భవాని నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇది వాతమమ్మా. ఆడపిల్ల ధాతువు దారి తప్పింది. ఆరు నెలలు భస్మం వాడండి, మనసు దానంతటదే మళ్లుతుంది. ఇలాంటివాళ్లని ఎంతమందిని బాగుచేశానో!"

తల్లి కోసం భవాని పది రోజులు తాగింది. నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది, తిన్నది వాంతయ్యేది. పదకొండో రోజు పొట్లం పక్కన పెట్టేసింది.

"నాకు రోగం లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పిన, గంతే. ఇంకోసారి నన్ను ఆడికి రమ్మనకు."

"సరే బిడ్డా, నీ ఇష్టం," అంది ఎల్లమ్మ.

మర్నాటి నుంచి భవాని పొద్దున తాగే రాగి జావలో ఎల్లమ్మ చిటికెడు భస్మం కలపడం మొదలుపెట్టింది. బెల్లం కాస్త ఎక్కువ వేసేది. ఒక్క పూట కూడా మరవలేదు. అయిపోతే మళ్లీ పోయి తెచ్చేది.

మూడో నెలకు భవాని చిక్కిపోయింది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఆదివారాలు సలోమి గదికి పోవడం మానేసింది. నవ్వడం తగ్గింది. పనినుంచి వచ్చి గోడకు తిరిగి పడుకునేది. ఎల్లమ్మ చూసి లోలోపల దండం పెట్టుకుంది. బిడ్డ ఆ పిల్ల దగ్గరకు పోవడం లేదు. మందు పని చేస్తోంది.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం భవాని చేతిలోని సూది జారింది. తీసుకుంది. మళ్లీ జారింది. చెయ్యి ముందుకు చాచితే మణికట్టు దగ్గర వంగి కిందికి వేలాడుతోంది. పైకి లేపుదామంటే లేవదు.

"చెయ్యి లేపవే," అంది సలోమి.

"లేపుతనే ఉన్న."

సలోమి ఫ్రేము పక్కకు నెట్టి ఇవతలికి వచ్చింది. భవాని ఏదో చెప్పబోతే చిగుళ్ల అంచున సన్నగా నీలం గీత కనబడింది. ఆటో పిలిచింది. దారిలో ఎల్లమ్మకు ఫోన్ చేసి ఆస్పత్రికి రమ్మంది.

మూడు రోజుల్లో రక్తపరీక్ష ఫలితం వచ్చింది. డాక్టర్ దేవకృప కాగితం చూసి ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"రక్తంలో సీసం చాలా ఎక్కువుంది భవానీ. నాటుమందులు ఏమన్నా వాడుతున్నవా?"

"లేదు మేడం. ఎప్పుడో పది రోజులు ఒక భస్మం తాగి మానేసిన."

"పది రోజులకే ఇంత చేరదమ్మా. పని దగ్గర ఏమన్నా రంగులు గిట్ల..."

ఎల్లమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మానలేదు మేడం. నేనే రోజూ జావల కలిపి ఇచ్చిన."

తల్లి వైపు భవాని తిరగలేదు. ఒళ్లో పడి ఉన్న తన చేతినే చూసుకుంది. సలోమి తన కుర్చీ భవాని పక్కకు జరుపుకుంది.

"దేనికిచ్చినవ్?" అని అడిగింది డాక్టర్. ఎల్లమ్మ చెప్పింది, ఆగి ఆగి, నేల చూస్తూ. చివర అడగనే అడిగింది. "సీసం మీరు తీసేస్తరు గదా. మరి ఆ బాధకు మీ దగ్గర మందుందా మేడం?"

"లేదమ్మా. ఆయన దగ్గర లేదు, నా దగ్గర లేదు. రోగమైతే కదా మందుండేది? మా పుస్తకాల్లో సుత ఒకప్పుడు దీన్ని రోగమనే రాసుకున్నరు. కరెంటు పెట్టిన్రు, సూదులిచ్చిన్రు. మనుషులు పాడయ్యిన్రు గానీ మనసు మళ్లలే. తప్పని తెలిసి తీసేసిన్రు. కొందరు గిట్లనే ఉంటరు, అంతే."

"మరి నా మోకాళ్లు ఆయన నూనెతోనే తగ్గినయ్ గద?"

"తగ్గి ఉండొచ్చు. రోజూ మర్దన చేస్తే నొప్పి తగ్గుతది. ఒకదానికి పనిచేసిన చెయ్యి అన్నిటికీ పనిచేస్తదని నమ్మినవ్. ఏది ఇచ్చినా ఇందులో ఏముందని అడగాలె తల్లీ, అది నేనిచ్చినా సరే."

మిగిలిన పొట్లం డాక్టర్ పరీక్షకు పంపింది. అందులో సీసం ఉందని తేలింది. ఆ కాగితం పట్టుకుని ఎల్లమ్మ సుబ్బరాజు దగ్గరకు పోయింది. బెంచీ మీద ఏడెనిమిది మంది కూర్చున్నారు.

"పథ్యం చెయ్యకపోతే మందేం చేస్తుందమ్మా? వంకాయ తినిపించుంటారు," అన్నాడతను కాగితం వైపు చూడకుండా.

"బిడ్డ చెయ్యి పడిపోయింది."

"పక్కకి జరగండి. వెనక జనం ఉన్నారు."

ఆ జనంలో ఎవరూ లేచి పోలేదు. వెనకున్న ఆమె బెంచీ మీద ముందుకు జరిగింది. సలోమి పోలీసు కంప్లయింటు పెట్టింది. కొన్నాళ్లు సుబ్బరాజు షాపు షట్టర్ మూసి ఉంది. తర్వాత మళ్లీ తెరిచారు, కొత్త పేరుతో.

సీసాన్ని బయటికి లాగే మందు భవానికి రెండు నెలలు ఎక్కించారు. మణికట్టు సగం వరకూ లేస్తోంది. గ్లాసు పట్టుకోగలదు, తల దువ్వుకోగలదు. సూది పట్టలేదు. యజమాని మంచివాడు, కౌంటర్లో కూర్చోబెట్టి కొలతలు రాయమన్నాడు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంది. ఫ్రేము దగ్గర ఆమె జాగాలో ఇప్పుడు ఇంకో అమ్మాయి కుడుతోంది. ఆ వైపు చూడకుండా ఉండడం కూడా భవాని నేర్చుకుంది.

ఆస్పత్రి నుంచి తల్లి ఇంటికి రాలేదు భవాని, సలోమి గదికి పోయింది. ఎల్లమ్మ వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు బాగుపడాల్నని ఇచ్చిన బిడ్డా. పగోనిలెక్క చూడకు."

"నాకెరుకే అమ్మా. నన్ను సంపాలని ఇయ్యలే. గానీ నేను గిట్ల బతుకుడు నీకు నచ్చలే. సరే అని నా ముంగట అని, యెనక నుంచి పోసినవ్. ఆ 'సరే' నేను మర్చిపోలేకపోతున్న."

ఎల్లమ్మ గుమ్మంలోంచే వెనక్కి పోయింది. ఇప్పుడు వారం వారం కూరగాయలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి పోతుంది. పచ్చివైతే భవాని తీసుకుంటుంది. వండి తెచ్చినవి ఒక్కసారి కూడా ముట్టలేదు.

ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు మాత్రం ముగ్గురూ పోతారు. పోయిన నెల పోయినప్పుడు, సీసం ఇంకా ఎందుకు పూర్తిగా దిగడం లేదని ఎల్లమ్మే అడిగింది. సీసం ఎముకల్లో చేరి కూర్చుంటుందని, అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా రక్తంలోకి వస్తూనే ఉంటుందని డాక్టర్ చెప్పింది.

"ఎన్నేండ్లు మేడం?"

"ఇరవై ఏళ్లైనా పట్టొచ్చు."

భవాని లేచి బయటికి నడిచింది. సలోమి ఆమె వెనకే పోయింది. ఎల్లమ్మ రిపోర్టు మడిచి చీర కొంగులో కట్టుకుని, వాళ్లకు పది అడుగులు వెనకగా, బస్టాపు వైపు నడిచింది.