టైలరమ్మ కత్తిరించిన వంటగది

ఆ వీధిలో కొత్త కోటు కుట్టించుకోవాలన్నా, బిగుతైన ప్యాంటు నడుం దగ్గర వదులు చేయించుకోవాలన్నా అందరూ టైలరమ్మ ఇంటికే వచ్చేవారు. ముందుగది ఆవిడ కొట్టు. వెనక హాలు, వంటగది, రెండు పడక గదులు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఆవిడది. మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే భుజాల వెడల్పు కంటితోనే చెప్పేసేది. టేపు తీసేది వచ్చినవాళ్ళ తృప్తి కోసమే.

అలాంటి మనిషి, పై అరలో ఉన్న గుడ్డ తాను కోసం ఒక ఉదయం స్టూలెక్కింది. స్టూలు ఒరిగింది. వెనక్కి పడుతూ ఉంటే వెన్ను కటింగ్ బల్ల అంచుకు తగిలింది. పడింది మూడడుగుల ఎత్తు నుంచి కూడా కాదు. అయిదు నెలలు ఆసుపత్రిలో ఉండి, నడుం కింద స్పర్శ లేకుండా, చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చింది. అప్పటినుంచీ పై అరలంటే ఆవిడకు పగ.

ఇంట్లోవాళ్ళు ఆవిడను కళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు. బస్సు డ్రైవరైన భర్త వీధి మెట్ల మీద సిమెంటుతో వాలుబాట వేయించాడు. కుట్టు మిషన్‌కు కాలితో తొక్కే మీట తీసేసి మోచేత్తో నొక్కేలా అమర్చి ఇచ్చాడు. రెండు నెలల్లో ఆవిడ మళ్ళీ కుడుతోంది. అత్తగారు వంట భుజాన వేసుకుంది. చెప్పుకోవడానికి అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

వంటగది గుమ్మం వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు, కుర్చీ వెడల్పు ఇరవై అయిదు. అంతే తేడా. చొక్కా ఒక అంగుళం బిగుతైతే పక్క కుట్టు విప్పి వదిలేసే మనిషి, ఆ అంగుళం దగ్గర ఎనిమిది నెలలు ఆగిపోయింది. గుమ్మం బయట కూర్చుని "ఉల్లిపాయ మాడుతోంది అత్తయ్యా, మంట తగ్గించండి" అని అరిచేది. "నీ ముక్కు నా చేతికన్నా పొడుగే అమ్మాయ్" అని అత్తగారు లోపలినుంచి విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం భర్త డ్యూటీలో, కూతురు కాలేజీలో, అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గర ఉన్నారు. సీసాలో నీళ్ళు అయిపోయాయి. గొంతు పిడచ కట్టుకుపోతుంటే రెండు గంటలు ఓర్చుకుంది. చివరికి కోటు సరిచూసుకోవడానికి వచ్చిన బ్యాంకు ఆయన్ని అడిగింది. పాపం, ఆయన లోపలికి వెళ్ళి అర తరవాత అర తెరిచి, గ్లాసు ఎక్కడా దొరక్క, గిన్నె మూతలో నీళ్ళు పట్టుకుని ఒలకబోసుకుంటూ వచ్చాడు. ఆవిడ తాగింది. నవ్వింది కూడా. ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చింది.

సాయంత్రం భర్త యూనిఫాం విప్పకముందే చెప్పింది. "ఏమండీ, వంటగది మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టాలి."

ఆయన "సరే" అన్నాడు. ఆయన అంతే. పొడుగు మనిషి, పొట్టి మాటలు.

ఆ ఆదివారమే, ఇళ్ళ లోపలి అలంకరణ చేసే ఒక కుర్రాయన్ని పిలిపించాడు. అతను కంప్యూటర్ తెరచి బొమ్మలు చూపించాడు. తెల్ల పలకలు, ఎటు చూసినా స్టీలు కమ్మీలు, మూలగా ఒక చిన్న బల్ల.

"ఇది మేడం కోసం ప్రత్యేకం" అన్నాడు, ఆ బల్ల చూపించి. "మిగతాది ఫ్యామిలీకి."

"అంటే నేను ఫ్యామిలీ కాదా బాబూ?"

అతను గబుక్కున ఆ బొమ్మను పెద్దది చేశాడు.

"నువ్వు మంచివాడివే, కానీ ఇది వార్డు. నేను వార్డులో అయిదు నెలలు ఉండి వచ్చాను, మళ్ళీ చేరను. నాకు కావలసింది వంటగది. వచ్చినవాళ్ళు చూసి కుళ్ళుకునేంత అందంగా ఉండాలి."

అతను వెళ్ళిపోయాక ఆవిడ కూతుర్ని పిలిచి టేపు అందించింది. "నన్ను కొలువు. కోటుకి కాదు, గదికి."

కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళ ఎత్తు ఇరవై ఆరు అంగుళాలు. చెయ్యి పైకి చాపితే అందేది నలభై ఆరు, కిందికి వంచితే పన్నెండు. కుర్చీ ఒక చుట్టు తిరగడానికి అయిదడుగుల గుండ్రం కావాలి. బట్టల నమూనాలు గీసే గోధుమరంగు కాగితం తీసి, అతికించి, ఆ గుండ్రం కత్తిరించింది. కూతురు దాన్ని ఇల్లంతా పరుస్తూ పోయింది. ఎక్కడ పరిచినా ఏదో ఒకటి అడ్డు. సోఫా చెయ్యి, టీవీ బల్ల, ఫ్రిజ్ మూల. అన్నిటికన్నా పెద్ద అడ్డు హాలుకీ వంటగదికీ మధ్య గోడ.

"గోడా!" అత్తగారు ముక్కున వేలేసుకుంది. "హాల్లో కూర్చున్న ప్రతివాడికీ నా అంట్లగిన్నెలు కనపడాలా?"

"కడిగేస్తే కనపడవు అత్తయ్యా."

"కడిగేది ఎవరు?"

"నేనే. ఎనిమిది నెలల బాకీ ఉంది కదా."

అత్తగారు మూతి ముడుచుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మేస్త్రి వచ్చి గోడ మీద పిడికిలితో కొట్టి చూశాడు. "ఇది బరువు మోసే గోడ కాదమ్మా. ఊరికే నిలబడి ఉంది."

"ఇంట్లో మా ఆయనలాగన్నమాట" అంది టైలరమ్మ. భర్త కూడా నవ్వాడు.

ఆ మేస్త్రి చెక్కపనిలో ముప్పై ఏళ్ళు పండినవాడు. చెవి మీద పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట. వంటబల్ల ఎత్తు ముప్పై నాలుగు అంగుళాలు. గురువు చెప్పింది అదే, తను వందల ఇళ్ళలో బిగించింది అదే. ఈవిడ ముప్పై ఒకటి అంటే ఒప్పుకోడు. కింద తలుపులు వద్దు, ఖాళీగా ఉంచండంటే అసలే ఒప్పుకోడు. "కింద ఖాళీ పెడితే దుకాణం బల్లలా ఉంటుందమ్మా. నలుగురూ నా పని చూసి నవ్వుతారు."

"మేస్త్రీ, అందరికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టి అమ్మే కొట్లు బజార్లో బోలెడున్నాయి. నేను ఆ కొట్టు కాదు. ఒక్క పని చెయ్యండి. ఈ కుర్చీలో కూర్చుని నాకు టీ పెట్టివ్వండి."

ఆవిడ మంచం మీదికి మారి కుర్చీ ఇచ్చింది. అప్పటికి గోడ పోయింది, పాత బల్ల ఇంకా ఉంది. మేస్త్రి నవ్వుకుంటూ కూర్చున్నాడు. మోకాళ్ళు తలుపులకు కొట్టుకున్నాయి. పొయ్యి గెడ్డం ఎత్తులో ఉంది, గిన్నెలో ఏముందో కనపడదు. టీపొడి డబ్బా చేతికి జానెడు పైన. అరగంట అవస్థపడి, పాలు పొంగించి, చొక్కా తడుపుకుని లేచాడు. ఆ అరగంటలో ఎవరూ నవ్వలేదు. చెవి మీద పెన్సిలు తీసి, "ఎంత ఎత్తన్నారు?" అని అడిగాడు.

ఆ రోజునుంచీ ఇద్దరూ కలిసి కత్తిరించారు. ప్రతి ముక్కా ముందు కాగితంలో. ఆవిడ గోడకు గుండుసూదులతో గుచ్చి, కుర్చీ జరుపుకుంటూ అటూ ఇటూ తిరిగి, అంగుళం తగ్గించమనో పెంచమనో చెప్పేది. బల్ల రెండు ఎత్తుల్లో వచ్చింది. కిటికీ కింద పొడుగుపాటి భాగం ముప్పై ఒకటి, పక్కన భర్త నిలబడి పని చేయడానికి ముప్పై ఏడు.

"నాకెందుకు?" అన్నాడు ఆయన.

"గిన్నెలు తోమేటప్పుడు ఇన్నేళ్ళుగా మీ నడుం వంగి ఉండటం నేను చూడలేదనుకున్నారా? మీ కొలత కూడా నా దగ్గరుంది."

తలుపుల అరలకు బదులు అన్నీ సొరుగులే. ఒక వేలు తగిలించి లాగితే మొత్తం బయటికి వస్తాయి. పొయ్యి మీటలు ముందువైపున. రంగుల దగ్గర ఆవిడ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. కొట్టులోనుంచి గుడ్డ ముక్కలు తెచ్చి ఎండలో ఒకసారి, దీపం కింద ఒకసారి పరిచి చూసుకుంది. బయట ముదురు నీలం, మంచి సూటు గుడ్డ రంగు. సొరుగుల లోపల ఆవపిండి పసుపు.

"లోపల రంగెందుకమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడు మేస్త్రి.

"కోటుకి లైనింగ్ ఎందుకు వేస్తాం? తొడుక్కునేవాడికి తెలుస్తుంది."

హాల్లో ముగ్గురు కూర్చునే సోఫాను కోయించి, ఇద్దరిదొకటి, ఒక్కరిదొకటి చేయించింది. రెంటికీ మధ్య మూడడుగులు ఖాళీ. అది ఆవిడ చోటు. అంతవరకూ ఎవరైనా వస్తే ఆవిడ కుర్చీ వరస చివర, తలుపు పక్కన ఉండేది. మెడ తిప్పి తిప్పి మాట్లాడేది. "నా ఇంట్లో నేను నడిమధ్య కూర్చుంటాను" అంది. గోడల మీద ఫొటోలు కూడా జానెడు కిందికి దిగాయి.

అంతా కుదిరిందనుకున్న వారంలోనే గుండె ఆగినంత పనైంది. కొత్త సింకు తొట్టిలో ఆవిడ వేడినీళ్ళతో గిన్నెలు కడుగుతోంది, పాడుకుంటూ. పక్కనున్న అత్తగారు కిందికి చూసి కెవ్వుమంది. తొట్టి కింద నీళ్ళు పోయే లోహపు గొట్టం కోడలి మోకాలికి ఆనుకుని ఉంది. చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఆవిడకు తెలియనే లేదు.

డాక్టరు మందు రాసి, మానడానికి మూడు వారాలన్నాడు. ఆ సాయంత్రం భర్త మొదటిసారి పొడుగ్గా మాట్లాడాడు. "చాలు. నీకు ఏమన్నా అయితే నేను తట్టుకోలేను. వంట మేం చూసుకుంటాం. నువ్వు ఊరికే అక్కడ కూర్చో, అందంగానే ఉంది కదా."

ఆవిడ కొట్టులోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు వంటగదివైపు రాలేదు. తప్పు తనదేనని ఆవిడకు తెలుసు. ఎత్తులూ వెడల్పులూ కొలిచింది కానీ, తన కాళ్ళకు నొప్పి తెలియదన్న సంగతి కొలతల్లో రాసుకోలేదు.

మూడోరోజు అత్తగారు కొడుకు మీద విరుచుకుపడింది. "దాన్ని వెళ్ళి కూర్చోమంటావేంట్రా? కొత్త చొక్కాకి చంకలో బిగుతైతే చొక్కా పారేస్తామా? మేస్త్రిని పిలువు."

గోడ పడగొట్టవద్దని అలిగిన మనిషి ఆవిడే. టైలరమ్మ అత్తగారి వంక నోరు తెరుచుకుని చూసింది.

"అలా చూడకు. పుట్టాక ఇన్నేళ్ళకి మునివేళ్ళ మీద లేవకుండా ఉప్పు డబ్బా అందుతోంది నాకు. నీ కొలత నాక్కూడా సరిపోయింది" అంది పొట్టి అత్తగారు.

మేస్త్రి గొట్టాన్ని వెనక గోడ వారకి జరిపించి, ముందు వాలుగా ఒక పలక బిగించాడు. టైలరమ్మ దూది పొరలు పెట్టి, మందపాటి గుడ్డతో, గొట్టానికి అచ్చంగా సరిపోయే తొడుగు కుట్టింది. గుండీలు కూడా పెట్టింది, విప్పి ఉతుక్కోవడానికి. మేస్త్రి మరిగే నీళ్ళు తొట్టిలో పోసి, తన చేతిని గొట్టానికి ఆనించి వంద లెక్కపెట్టాడు. భర్త తన చెయ్యి కూడా పెట్టి చూశాడు. అప్పుడు గానీ ఆయన ముఖం తేటపడలేదు.

మోకాలు మానాక, భర్తతో పని చేసేవాళ్ళను కుటుంబాలతో భోజనానికి పిలిచారు. పద్నాలుగు మంది. ఆవిడ కిటికీ కింద కూరలు తరుగుతూ, వెనక్కి తిరిగి హాల్లో వాళ్ళకు జవాబులు చెబుతూ, పొయ్యి మీద మూడు గిన్నెలు ఒక్కర్తే నడిపింది. భర్త పక్కన నిటారుగా నిలబడి పళ్ళేలు తుడిచాడు. కూతురు వడ్డించింది. అత్తగారు సొరుగులు తెరిచి మూసి, తెరిచి మూసి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ పసుపు రంగు చూపించింది.

డిపో మేనేజరు భార్య నీలం పలక మీద చెయ్యి నిమిరి, "ఏ కంపెనీ వాళ్ళు చేశారండీ? మాకూ ఇలాంటిది కావాలి" అంది.

"కంపెనీ కాదండీ" అన్నాడు భర్త, ఎవరూ అడగకముందే. "మా ఆవిడ కత్తిరించింది."

ఆయన ఆ మాట అన్న తీరు విని టైలరమ్మ పొయ్యివైపు తిరిగింది. గరిటె తిప్పుతూ తల వంచుకుంది.

ఇది జరిగి నాలుగేళ్ళు. మేస్త్రి ఇప్పుడు ఏ ఇంట్లో వంటగది పనికి వెళ్ళినా ముందు అడిగేది, ఇంట్లో ఎవరెవరు వండుతారు, వాళ్ళ ఎత్తెంత అని. తేలకపోతే "టైలరమ్మని తీసుకొస్తాను" అంటాడు. ఆవిడ ఇప్పటికి పదకొండు వంటగదులు కాగితంలో కత్తిరించి ఇచ్చింది. అందులో నాలుగే చక్రాల కుర్చీలవాళ్ళవి. ఒకటి, ఒంటిచేత్తో పని చేసుకునే ఒక రొట్టెల కొట్టాయనది. మిగతావి పొట్టివాళ్ళవీ, పొడుగువాళ్ళవీ, మోకాళ్ళ నొప్పులవాళ్ళవీ.

పోయిన నెల ఒక రిటైరైన లెక్కల టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. పక్షవాతం వచ్చి కుర్చీలో ఉంటున్న మనిషి. "నాకేం కొత్తవి వద్దమ్మా, ఉన్నదాంట్లో సర్దుకుంటాను. పిల్లలే మిమ్మల్ని పిలిచారు" అంది మొహమాటంగా.

టైలరమ్మ కుర్చీని ఆవిడ కుర్చీకి ఎదురుగా తెచ్చి ఆపింది. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"సర్దుకోవడం తరవాత. ముందు చెప్పండి, మీకు ఏ రంగంటే ఇష్టం?"

టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఆ మాట ఆవిడను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళైందో!

"చిలకపచ్చ" అంది చివరికి, కాస్త సిగ్గుపడుతూ.