గాలిగొట్టంలో తల ఎత్తిన రోజు

నేను బొగ్గుబాయిలో పనిచేస్తాను. షిఫ్టంతా భూమి లోపల గడిపేవాడికి గాలిలో తేలే పిచ్చి ఏమిటని గోదావరిఖనిలో మా క్వార్టర్ల వాళ్లు ఆటపట్టిస్తుంటారు. తప్పంతా మా అమ్మాయిది. హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికిన కొత్తలో నన్ను ఇండోర్ స్కైడైవింగ్‌కు తీసుకెళ్లింది. అద్దాల గొట్టం, అడుగున ఇనుప వల, దాని కింద నుంచి తోసుకొచ్చే గాలి. ఆ గాలి మీద బోర్లా వాలితే మనిషి లేస్తాడు. ఆ తర్వాత అమ్మాయిని చూసి రావడం నాకొక సాకు అయింది.

అక్కడ నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. తల ఎత్తాలి, చేతులు వదులుగా చాచాలి. నాకు అదే చేతకాలేదు. బాయిలో కప్పు తక్కువ ఎత్తు. చిన్న చప్పుడైనా తల వంచి, చేతులు దగ్గరికి లాక్కుంటాం. డ్యూటీకి బయలుదేరినప్పుడల్లా మా ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పేదీ అదే: "తలకాయ పైలం, బావా. వంగి నడువు." ఇన్నేళ్లు వంగిన మెడ గొట్టంలోకి రాగానే లేవమంటే లేస్తుందా? ఎన్నో పల్టీలు కొట్టాకగానీ నా మాట వినలేదు.

తీరా తేలడం వచ్చిందనుకున్నాక, ఒక వానరోజు మంచిర్యాల దారిలో గేదె అడ్డొచ్చి నా బండి జారింది. భుజం నుజ్జయింది. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. నెలల తరబడి మా ఆవిడే అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది. డాక్టర్ ముందు డ్యూటీకి పంపాడు, చాలాకాలానికి గాలిలోకీ సరేనన్నాడు. ఆమె మాత్రం అనలేదు.

"బర్రెనే తప్పియ్యలేనోనివి, గాలిల ఏం జేస్తవ్?" అంది.

"గాలిల బర్రె ఉండది గదా."

ఆమె నవ్వలేదు. "ఒక్కసారి పోదాం. నేను గూడ వస్త. నొప్పని బయటికొస్తివా, మళ్ల ఆ ముచ్చట ఎత్తద్దు."

ఒప్పుకున్నాను. న్యాయమైన షరతే, కానీ దిగులు పట్టుకుంది. ఈ వయసులో, భుజంలో ఇనుముతో, ఒకసారి ఆగితే ఇక ఆగినట్టే.

శిక్షకుడు నాకు మళ్లీ మొదటి పాఠం చెబుతుంటే ఆమె పక్కనే నిలబడి విన్నది. తర్వాత సంచి పొట్టకు అదుముకుని అద్దం అవతల నిలబడింది. నేను గాలి మీదికి వాలాను. అంతే, భుజానికి ఆ వాన, ఆ రోడ్డు గుర్తొచ్చినట్టున్నాయి. చేతులు ముడుచుకున్నాయి, తల వంగింది, వల మీద పడ్డాను. శిక్షకుడు పట్టి లేపి, తల ఎత్తమని సైగ చేశాడు. మెడ కదల్లేదు. ఇక నా సరదా ముగిసిందనుకుని ఆమె వైపు చూశాను.

ఆ హోరులో మాటలు వినిపించవు. ఆమె తన గడ్డం కింద వేలు పెట్టి పైకి ఎత్తి చూపించింది. నేను కదలకపోయేసరికి మళ్లీ చూపించింది, ఈసారి కోపంగా. ఇన్నేళ్లూ నన్ను వంగమని చెప్పిన మనిషి. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో తల ఎప్పుడు లేచిందో తెలియదు, చేతులు వాటంతటవే చాచుకున్నాయి. భుజం కాస్త లాగింది, నొప్పి లేదు. గాలి నన్ను మోసింది. ప్రాణం హాయిగా ఉంది. కళ్లద్దాల లోపల ఏడ్చాను, ఎవరికీ కనిపించలేదు.

బయటికి రాగానే ఆమె నా భుజం తడిమింది.

"నొప్పా?"

"లేదు."

"నిజంగ?"

"నిజంగనే."

ఊపిరి వదిలి బెంచీ మీద కూలబడింది. కాసేపటికి, "మళ్లెప్పుడు వద్దాం?" అని అడిగింది.

ఆ వారంలోనే నాకు పొద్దుటి షిఫ్టు పడింది. టిఫిన్ డబ్బా అందించి, నేను గేటు దాటబోతుంటే ఆపింది.

"తలకాయ పైలం, బావా," అంది. "అది గాలిగొట్టం గాదు. వంగి నడువు."