మూడో లైటులో నిలిచిన మనిషి

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ నిమిషంలో కూడా నమ్ముతున్నానని చెప్పలేను. జగిత్యాల దగ్గరి మా ఊళ్ళో మా అమ్మ బీడీలు చుడుతూ నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ చేతికందుకున్న మొదటి మనిషిని నేనే. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళలో నాకు బాగా పట్టుబడిన పాఠం ఒక్కటే: కొలిచిన తరువాతే మాట్లాడాలి. అందువల్ల ఈ అనుభవాన్ని కూడా చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

దోహాలో భద్రతా పరికరాలు సరఫరా చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. కిందటి చలికాలంలో మాకొక పని వచ్చింది. పెద్ద పెద్ద కట్టడాలకు కాపలా కాసేవారికి శిక్షణ ఇచ్చే ఒక సంస్థకు, రైఫిల్‌కు బిగించే దూరపు లైటు కావలసి వచ్చింది. చీకట్లో మూడు వందల మీటర్ల అవతల కదిలేది మనిషా, గాలికి ఊగే గుడ్డా అన్నది తేల్చి చెప్పగల లైటు కావాలి. మార్కెట్లో దొరికే వాటిలో మూడింటిని వడకట్టి, పరీక్షించి, ఒకదాన్ని సిఫారసు చేయడం నా బాధ్యత.

పెట్టెల మీది అంకెలను నమ్ముకుంటే ఈ ఎంపికలో మోసపోతాం. లైటులోంచి వెలువడే మొత్తం వెలుగు ఎంతో పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ వెలుగు ఒకే దిశలో ఎంత బిగువుగా పోతుందో చిన్న అక్షరాలతో ఉంటుంది. దూరం చేరేది ఆ రెండోదాన్ని బట్టే. పైపు మూతికి బొటనవేలు అడ్డుపెడితే అవే నీళ్ళు దూరం చిమ్మినట్టు, లోపలి అద్దపు గిన్నె లోతుగా, నునుపుగా ఉంటే తక్కువ వెలుగు కూడా చాలా దూరం పోతుంది.

పరీక్షకు దోహా బయట, బిర్కత్ అల్ అవామిర్ దాటాక ఉన్న ఆ సంస్థ శిక్షణ మైదానానికి వెళ్ళాం. మైదానం బాధ్యుడు హబీబ్ సాబ్. సొంతూరు బోధన్. సైన్యంలో పనిచేసి రిటైరై ఇక్కడికి వచ్చిన మనిషి. తుపాకీ పట్టుకున్నవాళ్ళలో అంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. మాతో వచ్చిన మూడో వ్యక్తి మా కంపెనీ టెక్నీషియన్ రాజేశమన్న. బోర్డులు నిలపడం, లైట్లు బిగించడం అతని పని.

హబీబ్ సాబ్‌కు ఒక అలవాటుంది. రైఫిల్ మీది లైటు వేసిన వెంటనే కాల్చడు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాపి పెట్టి, వెలుగు పడిన వైపు చూస్తూ "అస్సలాము అలైకుమ్" అంటాడు. రెండు మూడు శ్వాసలు ఆగుతాడు. ఆ తరువాతే మిగతా పని. తన దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ, ఏ మతం వాళ్ళకైనా, ఏదో ఒక పలకరింపు చెప్పి ఆగమనే నేర్పుతాడు.

ఆ సాయంత్రం కూడా మొదటి లైటు వేసి సలాం చెప్పాడు. రాజేశమన్న ఊరుకునే రకం కాదు.

"సాబ్, ఆ బోర్డు జవాబిస్తదా ఏంది?"

"ఇయ్యకపోతెనే మంచిది రాజేశం. ఇచ్చిన్నాడు నేను కాల్చొద్దు."

"మీరు సలాం గొట్టేలోపు దొంగ గోడ దుంకి టీ తాగి గూడ పోతడు."

"పోనీ రా భాయ్. దొంగ పోతె మల్ల దొరుకుతడు. గోలీ పోతె వాపస్ రాదు." అంటూ నా వైపు తిరిగాడు. "రాసుకో బేటా. ఈ లైటు ఎటు చూస్తె బందూక్ అటే చూస్తది. ఎతకనీకె చేతి బత్తి వేరే ఉండాలె. దీన్తోని ఎతుకుడు లేదు."

నేను బుద్ధిగా రాసుకున్నాను. ఏ కంపెనీ పుస్తకంలోనూ అంత సూటిగా చెప్పగా నేను చదవలేదు.

పరీక్ష ఏర్పాటు ఇది. మూడు వందల మీటర్ల దూరాన, గుండ్లను ఆపే మట్టికట్ట ముందు వెడల్పైన తెల్లని బోర్డు. దాని ఎడమ సగంలో వెలుగును కొలిచే మీటరు, పసుపు రంగు డబ్బాలో. అది చూపే అంకె రేడియో ద్వారా నా చేతిలోని స్క్రీన్ మీదికి వస్తుంది. బోర్డు కుడి సగంలో కాల్చవలసిన కాగితపు గుర్తు. వెలుగు చాలినంత పడితే హబీబ్ సాబ్ కొన్ని గుండ్లు కాలుస్తాడు. ఆ కుదుపుకు లైటు మిణుకుమంటే నా స్క్రీన్ మీద తెలిసిపోతుంది. రైఫిల్ బయటకు తీసేముందు హబీబ్ సాబ్ స్వయంగా బండిలో మట్టికట్ట వరకు వెళ్ళి, మనుషులెవరూ లేరని చూసి వచ్చాడు.

మగ్రిబ్ అజాన్ అయి, చీకటి దిగింది. గాలిలో సన్నని దుమ్ము ఉంది. మొదటి లైటు బోర్డు దాకా చేరనే లేదు. రెండోదాని పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అంకె ఉంది. వేయగానే మా ముందు దుమ్మంతా తెల్లగా మెరిసి, పాలగోడ కట్టినట్టయింది. ఆ గోడ అవతల ఏముందో కనిపించలేదు. రెండింటితోనూ కాల్చవలసిన అవసరం రాలేదు.

మూడోది చూడటానికి సాదాగా ఉంటుంది. రాజేశమన్న దాన్ని బిగించి, రెండుసార్లు ఊపి చూసి పక్కకు జరిగాడు. హబీబ్ సాబ్ నేల మీద బోర్లా పడుకుని, లైటు వెలిగించే ప్యాడ్ నొక్కాడు. ఆ వెలుగును చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. దుమ్మును సూదిలా గుచ్చుకుంటూ పోయి బోర్డు మీద గుండ్రంగా నిలిచింది. అంత దూరాన నిండు పున్నమి వెన్నెలకు నాలుగింతల వెలుగు ఉన్నట్టు నా స్క్రీన్ చూపుతోంది. అంకె అటూ ఇటూ ఊగకుండా నిలకడగా ఉంది.

"అస్సలాము అలైకుమ్" అన్నాడు హబీబ్ సాబ్.

బోర్డు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

నడిచి రావడం నేను చూడలేదు. తలకు హెల్మెట్, ఒంటి మీద సైట్లలో కూలీలు తొడుక్కునే చొక్కా. దాని మీది వెండి పట్టీలు లైటుకు తళుక్కుమన్నాయి. ఆయన నెమ్మదిగా ఒక చెయ్యి పైకెత్తాడు. దారిలో ఎదురైనవారి సలాముకు జవాబిచ్చేటప్పుడు ఎత్తినట్టే ఉంది ఆ ఎత్తడం.

హబీబ్ సాబ్ గొంతు పెంచలేదు. "ఆద్మీ హై" అన్నాడు. ప్యాడ్ వదిలి, రైఫిల్ ఖాళీ చేసి, పక్కన పెట్టి లేచాడు. చేతి బత్తి తీసుకుని ముగ్గురం బండిలో బోర్డు దగ్గరికి వెళ్ళాం.

బోర్డు ముందు ఎవరూ లేరు. నేల గట్టి గులకరాయి కావడంతో అడుగుల జాడలు పడవు. హబీబ్ సాబ్ బోర్డు వెనక్కి బత్తి తిప్పాడు.

కుడి సగం వెనక, సరిగ్గా కాగితపు గుర్తు ఉన్నచోట, ఒక మనిషి గొంతుకూర్చుని నీళ్ళ పైపుకు తీగ చుడుతున్నాడు. పేరు సలీం, నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్. మట్టికట్ట తడపడానికి వెనక గేటులోంచి వచ్చి, బండిని కట్ట అవతల ఆపాడు. ఆ గేటు దగ్గర కాల్పుల వేళ హెచ్చరికగా వెలగవలసిన ఎర్రదీపం ఆ సాయంత్రం ఆరిపోయి ఉంది. బోర్డు మీద వెలుగు పడుతుంటే, ఎవరో బత్తి పట్టుకుని బోర్డు విప్పుతున్నారనుకున్నాడట. అతను మాసిన గోధుమరంగు చొక్కాలో ఉన్నాడు. తలకు గుడ్డ చుట్టుకున్నాడు. హెల్మెట్ లేదు, వెండి పట్టీలు లేవు. బోర్డు ముందుకు రానే లేదని, తనతో ఇంకెవరూ లేరని అన్నాడు.

సంగతి అర్థమయ్యాక సలీం బోర్డు మీది కాగితపు గుర్తును, తన ఛాతీని మార్చి మార్చి చూసుకున్నాడు. హబీబ్ సాబ్ అతని భుజం చుట్టూ చెయ్యి వేసి అక్కడే నేల మీద కూర్చోబెట్టాడు. తానూ కూర్చున్నాడు. అతనికి నీళ్ళు తాగించిన తరువాతే తానూ తాగాడు.

తిరిగి వచ్చాక ఎవరేం చూశారో విడివిడిగా అడిగాను. రాజేశమన్న ఎడమ చెయ్యి ఎత్తాడన్నాడు. హబీబ్ సాబ్ కుడి చెయ్యి అన్నాడు. నాకు ఏ చెయ్యో గుర్తు లేదు. హెల్మెట్, పట్టీలు ముగ్గురమూ చూశాం. ముఖం ఎవరమూ చూడలేదు.

"బందూక్ మీది దూర్బీన్‌ల మంచిగ చూసిన బేటా" అన్నాడు హబీబ్ సాబ్. "నీ పసుపు డబ్బా కనిపించలే. ఆయన ఛాతి ఎనకకు పడ్డది."

సరిగ్గా డబ్బా ముందేనా అని మళ్ళీ అడిగాను. ఎందుకంటే ఆ మనిషి నిలబడి ఉన్నంతసేపూ నా స్క్రీన్ నా చేతిలోనే ఉంది. పట్టీలు మెరిసినప్పుడు అలవాటుకొద్దీ అంకె వైపు చూశాను. లైటుకూ మీటరుకూ నడుమ మనిషి అడ్డు వస్తే అంకె పడిపోవాలి. అది పడిపోలేదు. మొదట ఎంత ఉందో అంతే ఉంది.

ఆ సంస్థ మూడో లైటునే ఎంచుకుంది. నా సిఫారసులో నేను రాసిన కారణం నిజమైనదే: దుమ్ములో కూడా ఆ దూరాన మనిషిని మనిషిగా పోల్చుకోవచ్చు, కాల్చకుండా ఆగవచ్చు. గేటు దగ్గర ఇప్పుడు రెండు దీపాలున్నాయి.

ఫోనులో అమ్మకు చెప్తే ముందు నవ్వింది. "దుబాయ్‌ల గూడ దయ్యాలుంటయా బిడ్డా?" అంది. ఇది దుబాయ్ కాదని ఎన్నిసార్లు చెప్పినా అమ్మకు అంతే. చివరికి, "ఎవలైతేంది, ఒక పానం నిలవెట్టిండు. ఆయినకు దండం వెట్టుకో" అంది.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి ముందు పరీక్ష పెట్టుకున్నాను. వారం తిరగకముందే, అదే వేళకు, అదే లైటు బిగించిన స్టాండు, అదే బోర్డు. ఈసారి రైఫిల్ లేదు. రాజేశమన్న హెల్మెట్, పట్టీల చొక్కా తొడుక్కుని పసుపు డబ్బాకు అడ్డంగా నిలబడ్డాడు. అంకె పడిపోయింది. పక్కకు జరిగాడు, లేచింది. "ఇంకెన్నిసార్లు చెల్లే, నన్ను గూడ దయ్యం జేసేటట్టున్నవ్" అని రేడియోలో విసుక్కునేదాకా నిలబెట్టాను. నిలబడ్డ ప్రతిసారీ పడిపోయింది.

ఆ సాయంత్రం ఎందుకు పడిపోలేదో నాకు తెలియదు. వివరించగలనన్న ఆశ కూడా ఇప్పుడు తగ్గింది. సామాను సర్దుకునేముందు చివరిసారి లైటు వేశాను. బోర్డు ముందు ఎవరూ లేరు. హబీబ్ సాబ్ నా పక్కన నిలబడి ఎప్పటిలాగే సలాం చెప్పాడు. రాజేశమన్న ఈసారి ఎగతాళి చేయలేదు. నేను స్క్రీన్ జేబులో పెట్టుకుని, ఆ వెలుగు వైపు రెండు చేతులూ జోడించాను. ముగ్గురం, అలవాటు ప్రకారం, రెండు మూడు శ్వాసలు ఆగాం.