ఆద్య జీప్‌కి నేను తప్పు మోటార్ బిగించిన ఆదివారం

నిన్న పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతూ షూ వేసుకుంటే లోపల ఏదో గుచ్చుకుంది. దులిపితే ఒక బియ్యపు గింజ పడింది.

దాన్ని చేతిలోకి తీసుకుంటుంటే ఫోన్ మోగింది. సుధాకర్ అంకుల్ భార్య, వసంత ఆంటీ. "అంకుల్ లేరమ్మా" అన్నారు. నిద్రలోనే హార్ట్ ఎటాక్.

అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. గింజ ఏమైందో తెలీదు.

సుధాకర్ అంకుల్ మాకు చుట్టం కాదు. ఇక్కడే అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్లో ఉండేవారు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీకెండ్ వస్తే గరాజ్‌లో, నడవలేని పిల్లల కోసం, ఎక్కి కూర్చుని నడిపే బ్యాటరీ బొమ్మ కార్లు మార్చి ఇచ్చేవారు. కాలితో తొక్కే పెడల్ తీసేసి, చేత్తో నొక్కే పెద్ద బటన్ పెట్టేవారు. ఏడాదిగా నేను ఆదివారాలు వెళ్లి సాయం చేస్తున్నాను.

ఈసారి బొమ్మ జీప్, ఆద్య కోసం. నాలుగేళ్ల పాప. మెడ ఇంకా సరిగ్గా నిలవదు.

జీప్‌లో పాత మోటార్ కాలిపోయింది. కొత్తది ఎంచే పని మొదటిసారి నాకు అప్పజెప్పారు. మోటార్ల గురించి వారం రోజులు చదివాను. ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగడం నాకు రాదు.

అన్నిటికంటే వేగంగా తిరిగేది కొన్నాను.

అంకుల్ ఏ కారునీ నేరుగా పిల్లలకు ఇవ్వరు. ముందు సీట్లో బియ్యం మూట కూర్చోబెడతారు. పిల్ల ఎంత బరువో అంత మూట. బెల్టు కూడా పెడతారు.

మొన్న ఆదివారం దాన్ని బిగించి, ఇంటి ముందు డ్రైవ్‌వేలో బటన్ నేనే నొక్కాను.

జీప్ ఒక్క ఉదుటున ముందుకు దూకింది. మూట బెల్టులోంచి జారి కింద పడి చిరిగింది. ఎటు చూసినా బియ్యం.

అంకుల్ తిట్టలేదు. "పుస్తకాలు చదివి కొన్నవా బిడ్డా?" అని నవ్వారు. ఆయనది వరంగల్. తర్వాత నవ్వు ఆపేశారు.

"మనకు మెల్లగ లేచేది కావాలె. స్పీడ్ తక్కువ, బరువు లాగే బలం ఎక్కువ. మూటకు మెడ లేదు. ఆద్యకు ఉన్నది."

చీపురు నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆయనే వంగి బియ్యం ఊడ్చారు.

ఊడ్చి, గరాజ్ మెట్టు మీద కూర్చుండిపోయారు. బయట చలి. ఆయన మొహమంతా చెమట. ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నారు. గ్యాస్ అన్నారు, పొద్దున ఇడ్లీ నాలుగు ఎక్కువ తిన్నానన్నారు.

అది గ్యాస్ కాదని నాకు అనిపించింది.

హాస్పిటల్‌కి వెళ్దాం అంకుల్. ఆ వాక్యం మొత్తం నోట్లో తయారై ఉంది. కాన్వెంట్‌లో పదేళ్లు, పెద్దవాళ్లు అడిగితే తప్ప మాట్లాడకూడదని నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను.

పది నిమిషాలకు ఆయన లేచారు. నా ఫోన్ తీసుకుని, మోటార్ ఎలా ఎంచుకోవాలో చూపించారు. మొదట పిల్ల బరువు. తర్వాత ఎక్కడ నడుపుతుంది, కార్పెట్ మీదా, గడ్డి మీదా. స్పీడ్ అన్నిటికంటే చివర. సరైనది ఆర్డర్ చేయించారు. గొంతు మామూలుగానే ఉంది.

నిన్నటి నుంచి కళ్లు మూస్తే ఆ పది నిమిషాలే. జీప్ కదలదు. మూట పడదు. ఆయన మెట్టు మీద కూర్చుని నా వైపు చూస్తుంటారు, నేను ఏదో అంటానని ఆగినట్టు.

కొత్త మోటార్ శుక్రవారం వస్తుంది. నేనే బిగిస్తాను. ముందు మూటతోనే చూస్తాను.

వెళ్లిరండి అంకుల్. ఏ నొప్పీ లేని చోట నెమ్మదిగా ఉండండి.

ఆ పది నిమిషాల మధ్యలో వసంత ఆంటీ తలుపు తీసి, ఏమైందని నన్నే అడిగారు. ఏం లేదు ఆంటీ, బియ్యం పడ్డాయి అన్నాను.