అత్తయ్య చేతుల వాసన

మా ఇంట్లో చక్కెర తొందరగా అయిపోతోందని మొదట గమనించింది నేనే. మామూలు ఇంట్లో అయితే అది పట్టించుకోవలసిన విషయం కాదు. కానీ మా అత్తయ్యకు షుగర్ ఉంది. మామయ్య పోయాక ఏలూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి, మదీనాగూడలో మా ఫ్లాటుకు వచ్చేసినప్పటి నుంచి ఆవిడ మందులు, తిండి, పరీక్షలు అన్నీ నేనే చూసేదాన్ని. నాకూ నా భర్తకూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. వారంలో కొన్ని రోజులు నేను ఇంటి నుంచే పనిచేస్తాను. మిగతా రోజుల్లో మధ్యాహ్నం పూట ఆవిడ ఒక్కరే ఉంటారు. చక్కెర తగ్గేది ఆ రోజుల్లోనే.

మా కడప వైపు చక్కెర అంటాం, ఆవిడ పంచదార అంటారు. పేరు ఏదైనా డబ్బా మాత్రం అడుగంటుతోంది. ఒకరోజు డబ్బాను పై అరలో, మినప్పప్పు వెనకాల పెట్టాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే డబ్బా పెట్టిన చోటే ఉంది, లోపల చక్కెర మాత్రం తగ్గింది.

పనిమనిషిని అడిగాను. చాలా మెత్తగానే అడిగాననుకున్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి నిలబడింది.

"నాకెందుకమ్మా మీ చక్కెర? అడగాల్సింది నన్ను గాదు. మీరు ఆఫీసుకు పోంగనే పెద్దమ్మ లిఫ్టుల కిందికి పోతది. దినాం పోతది. గది అడుగుర్రి."

అత్తయ్యను అడిగితే, డి బ్లాకులో ఒకావిడ ఇంట్లో లలితా పారాయణం జరుగుతోందని చెప్పారు. నమ్మాను. రెండు రోజుల తర్వాత ఆ డి బ్లాకు ఆవిడే లిఫ్టులో కనిపించి, పారాయణం శుక్రవారాలే కదా, మీ అత్తగారు ఈమధ్య అసలు రావడం లేదేమిటని నన్నే అడిగింది. నవ్వి ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, ఆ క్షణం నుంచి అత్తయ్యను చూసే చూపు మారిపోయింది నాకు.

ఒకసారి అనుమానం మొదలయ్యాక అన్నీ కనిపించడం మొదలుపెట్టాయి. వంటనూనె కూడా ఎక్కువగా ఖర్చవుతోంది. పారేద్దామని పక్కన పెట్టిన పాత టూత్‌బ్రష్షులు మాయమయ్యాయి. ఆవిడ స్నానం సబ్బు మీద, ఎవరో పిల్లి చేత గీకించినట్టు, గోళ్ల గాట్లు. కాఫీ గ్లాసు అందిస్తే ఇదివరకు చేత్తో అందుకునేవారు, ఇప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని అందుకుంటున్నారు. దగ్గరికి వెళ్తే చేతుల నుంచి నిమ్మకాయ వాసన. ఇంట్లో నిమ్మకాయ పిండే వంట ఏదీ ఆ రోజు ఉండదు. గోళ్లు మరీ లోపలికి కత్తిరించుకుంటున్నారు. గాజులు తీసి డ్రెస్సింగ్ టేబుల్ మీద పెట్టి, సాయంత్రం మళ్లీ వేసుకుంటున్నారు.

రక్తపరీక్ష చేయిస్తే షుగర్ పెరిగి వచ్చింది. ఇంకేం కావాలి? ఆవిడ ఎక్కడో కూర్చుని దొంగతనంగా స్వీట్లు చేసుకుని తింటున్నారని నాకు ఖాయమైపోయింది. నూనె, చక్కెర, నిమ్మకాయ. ఏం వంటకమో మాత్రం తేలలేదు.

నా భర్తతో చెప్పాను. అమ్మను దొంగను చూసినట్టు చూడొద్దని విసుక్కున్నాడు. కానీ గోళ్ల గాట్లు ఉన్న సబ్బు తెచ్చి చూపించాక అతని మొహం మారింది. అతనికి వేరే అనుమానం పుట్టింది. మతిమరుపు జబ్బు మొదలైందేమో, చేసిందే చేస్తూ, కడిగిన చేతులే కడుగుతూ ఉంటారట అలాంటివాళ్లు, అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం ఆవిడ చేతుల వంకే చూస్తూ తిన్నాం. ఆవిడ రెండు ముద్దలు తిని లేచిపోయారు.

ఆ వారమే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. సెల్లార్‌లో కదలకుండా పడి ఉన్న బళ్లన్నీ ఆదివారంలోగా తీసేయాలి, లేకపోతే పాత ఇనుము బండి వచ్చి తీసుకుపోతుంది అని. మా పార్కింగులో మామయ్య పాత స్కూటరు ఉంది. ఏలూరు నుంచి సామానుతోపాటు లారీలో వచ్చింది, అప్పటి నుంచి దుప్పటి కప్పుకుని అక్కడే ఉంది. ఇచ్చేద్దామమ్మా అన్నాడు నా భర్త. నీ ఇష్టం నాన్నా, అన్నారు అత్తయ్య. అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

మర్నాడు నాకు ఇంటి నుంచే పని. మధ్యాహ్నం మీటింగులో ఉండగా వీధి తలుపు చప్పుడు లేకుండా మూసుకోవడం తెలిసింది. మైకు ఆపేసి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంచుకుని మెట్ల మీద నుంచి దిగాను. ఏ ఇంటి తలుపు దగ్గర దొరుకుతారో అని ప్రతి అంతస్తులోనూ తొంగి చూశాను. ఎక్కడా లేరు. చివరికి సెల్లార్‌లోకి వచ్చేసరికి ఇనుము మీద ఇనుము తగులుతున్న శబ్దం వినిపించింది.

స్తంభం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద అత్తయ్య. చీర మీద మామయ్య తెల్లచొక్కా. జుట్టు రంగు డబ్బాలతో వచ్చే పల్చటి గ్లోవ్స్ చేతులకు ఉన్నాయి. ఒకటి చిరిగి, వేళ్లు నల్లగా మడ్డి పట్టి ఉన్నాయి. స్కూటరు పక్క డొప్ప ఊడదీసి గోడకు ఆనించి ఉంది. కింద పరిచిన వార్తాపత్రిక మీద కార్బరేటర్ ముక్కలు ముక్కలుగా ఉంది.

ఆవిడ ఉలిక్కిపడలేదు. నాకేసి చూసి, "మీటింగ్ అయిపోయిందా అమ్మాయ్?" అన్నారు.

అడగడానికి ఎన్నో ఉన్నాయి. నా నోటివెంట మాత్రం, "అత్తయ్యా, మీరు చక్కెర తింటున్నారా?" అనే వచ్చింది.

ఆవిడ పక్కనున్న టిఫిన్ డబ్బా మూత తీసి చూపించారు. నూనెలో తడిసిన చక్కెర. "దీనికండీ మీ పంచదార," అన్నారు. నన్ను ఎప్పుడూ అండీ అనని మనిషి ఆ మాట అనేసరికి నా మొహం వేడెక్కింది. డబ్బా మూత పెట్టేస్తూ, "కొంచెం నోట్లో కూడా వేసుకున్నాను. అబద్ధం ఎందుకు," అన్నారు.

పని మొదలుపెట్టే ముందు ఆవిడ సబ్బును గోళ్లతో గీకేవారట. గోళ్ల సందులు సబ్బుతో నిండిపోతే మడ్డి లోపలికి దూరదు, కడిగినప్పుడు సబ్బుతోపాటే వచ్చేస్తుంది. ముంజేతుల దాకా కొబ్బరినూనె పట్టించుకుని, పైన గ్లోవ్స్ వేసుకునేవారు. చిన్న చిన్న ముక్కలు గ్లోవ్స్‌తో చేతికి అందవు కాబట్టి అప్పుడు మాత్రం తీసేసేవారు. పని అయ్యాక నీళ్లు తగలనివ్వకుండా ముందు నూనె, చక్కెర వేసి రుద్దుకోవాలి. నీళ్లు ముందు పోస్తే గ్రీజు ఇంకా అంటుకుపోతుందట. తర్వాత గిన్నెలు తోమే సబ్బు, టూత్‌బ్రష్షు, చివర్న వాసన పోవడానికి నిమ్మచెక్క. నేను చూస్తుండగానే ఒక చెయ్యి అలా రుద్ది, గుడ్డతో తుడిచి చూపించారు. ఒక చెయ్యి నల్లగా, రెండోది పెళ్లికూతురి చెయ్యిలా ఉంది.

పెళ్లి మాట ఆవిడే తెచ్చారు. వాళ్ల నాన్నకు పొలం ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేదట. బడి లేనప్పుడల్లా ఈవిడ అక్కడే. పెళ్లిచూపులకు ముందు వాళ్లమ్మ కూర్చోబెట్టి, చేతులు మంటెక్కే దాకా శనగపిండితో తోమి, ఈ చేతుల సంగతి ఎవరికీ తెలియనీయకు అని చెప్పిందట. పెళ్లయ్యాక ఈవిడ అత్తగారికి ముక్కు చురుకు. కిరోసిన్ వాసన వస్తే, వంట చేశావా ఇంకేమైనా చేశావా అని అడిగేది. అలా చేతులు దాచుకోవడం అలవాటైపోయిందట.

"మరి ఇప్పుడెందుకు దాచారు? మేమేమంటాం?" అన్నాను.

"నువ్వు చూసే చూపు చూశాను కదమ్మా," అన్నారు, కార్బరేటర్ ముక్కలోకి ఊదుతూ. "పంచదార డబ్బా ఎత్తి ఎత్తి చూసేదానివి. ఇది కూడా చెబితే, ఈ వయసులో కింద కూర్చోవద్దు, దుమ్ము పీల్చవద్దు అంటారు. అప్పటికి ఆ ఇనుము బండి వచ్చేస్తుంది."

నా చెవిలో ఎవరో నా పేరు పిలిచి, లైన్లో ఉన్నారా అని అడుగుతున్నారు. ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకున్నాను. బాలానగర్‌లో దొరికే క్లచ్ వైరు ఒకటి కావాలన్నారు అత్తయ్య. మరుసటి రోజు ఆఫీసు నుంచి వస్తూ తెచ్చి, నా భర్త కంటపడకుండా ఆవిడ పరుపు కింద పెట్టాను.

ఆదివారం పొద్దున ఇనుము బండి వచ్చింది. నా భర్త స్కూటరు మీద దుప్పటి తీసి, దుమ్ము లేకపోవడం చూసి తెల్లబోయాడు. వెనక నుంచి అత్తయ్య వచ్చి, పక్కకు జరుగు నాన్నా, అని కిక్కు మీద కాలు పెట్టారు. చాలాసార్లు కొట్టారు. అది దగ్గింది, ఊరుకుంది. అపార్ట్‌మెంట్ కమిటీ పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి కొట్టేసరికి ఇంజను అందుకుని, సెల్లార్ నిండా తెల్లపొగ నింపేసింది. ఇనుము బండివాడు పక్క పార్కింగులోని సైకిళ్ల వైపు వెళ్లిపోయాడు.

నా భర్త పొగలో నిలబడి, "ఎవరు బాగుచేశారు?" అన్నాడు.

"నేనే."

"నీకెలా వచ్చు? దీన్ని ఎప్పుడూ నాన్నే కదా బాగుచేసేది. ఆదివారం పూట వాకిట్లో..."

"నాన్న పానా పట్టుకుని కూర్చునేవారంతే," అన్నారు అత్తయ్య. "రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తారని."

ఆ రోజంతా అతను సరిగా మాట్లాడలేదు. తల్లి మీద కోపమా అంటే అదీ కాదు. వాళ్ల నాన్న చేతుల గురించి చిన్నప్పటి నుంచి తను దాచుకున్నదేదో లెక్క తప్పినట్టు తిరిగాడు. స్కూటరు కాగితాల గడువు ఎప్పుడో అయిపోయింది కాబట్టి రోడ్డెక్కించడానికి లేదు. కమిటీవాళ్లు ఉంచుకోమన్నారు, అంతే.

సాయంత్రం టీ దగ్గర అతను ఉన్నట్టుండి అడిగాడు. "పదో తరగతి పరీక్షకు వెళ్తుంటే వంతెన దగ్గర బండి ఆగిపోయింది. నువ్వు లేవు. నాన్నే ప్లగ్గు తీసి, చొక్కాకు తుడిచి, స్టార్ట్ చేసి నన్ను టైముకు దింపాడు. అది కూడా నువ్వు నేర్పిందేనా?"

అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టారు. కొడుకు మొహంలోకి కాసేపు చూశారు.

"లేదురా. అది మాత్రం మీ నాన్నే," అన్నారు.

అతని మొహం తేటపడింది. నేను ఆవిడ వైపు చూస్తూనే ఉన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.