సీట్లకు రంగు వేసిన మే నెల

మా బాపుకు జబ్బు ముదరాలని నేను కోరుకున్న రోజులున్నాయి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా పెదవుల దాకా రానివ్వలేదు. కానీ కోరుకున్నాను.

బొగ్గుగనుల ఊళ్లలో పుట్టినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్లకు చెప్పాలి. గనిలోకి దిగే మనిషి ఇక ఆ పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆయన కొడుక్కు ఉద్యోగం ఇస్తారు. అలా తేల్చడాన్ని మా వైపు అందరూ ఒకే మాటతో చెబుతారు: అన్‌ఫిట్. అయితే కొడుక్కు వయసు గడువు ఉంటుంది. అది దాటితే తండ్రి అన్‌ఫిట్ అయినా కొడుక్కు ఒరిగేదేమీ లేదు. ఆ ఏడాది నా గడువు తీరడానికి కొన్ని నెలలే మిగిలాయి.

డిగ్రీ అయినప్పటి నుంచి నేను ఆ ఉద్యోగం కోసమే ఎదురుచూస్తున్నాను. ఒకసారి హైదరాబాద్‌లో పని దొరికితే, ఈ ఉద్యోగం ఎప్పుడొస్తుందో అని వెళ్లలేదు. పెళ్లి మాట వచ్చినా, ఇంటికి కొత్త మంచం కొందామన్నా మా అమ్మ "నౌకరి వచ్చినంక చూద్దాం" అనేది. ఖాళీగా ఉండలేక గోదావరిఖనిలో కార్ల సీటు కవర్లు కుట్టే చోట చేరాను. తర్వాత మెయిన్ రోడ్డు వెనక ఒక రేకుల షెడ్డు తీసుకుని, తోలు సీట్లకు పోయిన రంగు తిరిగి తెచ్చే పని మొదలుపెట్టాను. అది కూడా నౌకరి వచ్చేదాకానే అనుకున్నాను.

బాపు ముప్పై ఏళ్లకు పైగా గనిలో కప్పు కూలకుండా దన్నులు నిలబెట్టే పని చేశాడు. అప్పటికి రెండేళ్లుగా ఆయాసపడుతున్నాడు. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ పై అంతస్తులో ఉండేది. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, కింద ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసేవాడు. కింద ఎవరూ ఉండేవారు కాదు. మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టి, బోర్డు కూర్చునే కొత్తగూడెం నుంచి పిలుపు కోసం చూస్తున్నాం.

ఆ మే నెలలో ఒక డాక్టరుగారి కారు నా షెడ్డుకు వచ్చింది. గని కార్మికుల దవాఖానలో చాలా ఏళ్లు చేసి రిటైరైన మనిషి. కారు పాతది, పెద్దది. సీట్లు ఒకప్పటి తేనె రంగువి. డ్రైవరు సీటు కుడి అంచు, ఎక్కి దిగేటప్పుడు ఒరుసుకునే చోట, రంగంతా పోయి లోపలి బూడిదరంగు తోలు బయటపడింది. మిగతా సీట్లు ఎండకు పాలిపోయి, సన్నని పగుళ్లు పట్టాయి.

"మా ఆవిడ ఏరికోరి తీసుకున్న రంగు ఇది. ఇప్పుడు ఆవిడ లేదు. అచ్చం అదే రావాలి," అన్నాడాయన.

నాలుగు రోజులు గడువిచ్చాడు. ఆయన వెళ్లాక నాకు పని మీద కంటే ఆయన మీదే ధ్యాస ఎక్కువైంది. ఆయన రోగిని పరీక్షించి ఒక కాగితం రాసిస్తే, బోర్డులో దాన్ని శ్రద్ధగా చూస్తారని మా కాలనీలో చెప్పుకునేవారు. నిజమో కాదో తెలియదు. నాకు మాత్రం ఆ కారు మా ఇంటి కోసమే వచ్చినట్టనిపించింది.

మొదటి రోజు సీట్లన్నీ మెత్తని బ్రష్షుతో కడిగి తుడిచాను. ఏళ్ల చెమట, నూనె, బొగ్గుమసి కలిసి గుడ్డ నల్లగా వచ్చింది. రెండో రోజు పగుళ్లను సన్నని గరుకు కాగితంతో రుద్ది, మందంగా ఉండే పూతతో పూడ్చాను. అసలు రంగు తెలుసుకోవడానికి తల ఆనించే దిండు ఊడదీశాను. దాని కింద, ఎండ తగలని చోట, రెండు వేళ్ల వెడల్పున తోలు కొత్తగా ఉంది. దాని పక్కన చుక్క చుక్క పెట్టి చూస్తూ పసుపు, గోధుమ, కొంచెం ఎరుపు కలుపుతూ పోయాను. తడి మీద సరిపోయిన రంగు ఆరాక ముదురుగా వచ్చేది. మళ్లీ కలపాలి. ఆ ఒక్క రంగుకే పూటంతా పట్టింది.

మూడో రోజు నుంచి పూతలు. స్పాంజితో పల్చగా, ఒకదాని మీద ఒకటి. మా ఊళ్లో ఆ పని అద్దాలు దించి చేయలేం. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే షెడ్డు రేకులు అదిరి దుమ్ము రాలుతుంది. తడి రంగు మీద అది పడితే సీటంతా ఇసుకబారినట్టు అవుతుంది. అందుకని తలుపులు, అద్దాలు మూసుకుని, లోపలే ముడుచుకుని కూర్చుని వేయాలి. బయట మే ఎండ. లోపల రంగు వాసన. చెమట బొట్టు సీటు మీద పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకునేవాణ్ని.

నాలుగో రోజు డాక్టరుగారు మధ్యాహ్నం వచ్చి రంగు చూసుకుంటానన్నాడు. ఆ పొద్దున నేను టిఫిను డబ్బా కావాలనే ఇంట్లో వదిలేశాను. పదకొండింటికి బాపుకు ఫోన్ చేశాను. ఆ వారం ఆయన సిక్ సెలవులో ఉన్నాడు.

"బాపు, బువ్వ మర్చిపోయిన. బస్సుల తెస్తవా?"

"తెస్త తియ్. నువ్వు పని ఇడిచిపెట్టి రాకు," అన్నాడు.

బస్సు దిగిన చోటు నుంచి నా షెడ్డు దాకా ఎత్తురోడ్డు. నీడ లేదు. అది ఆలోచించే పిలిచాను.

డాక్టరుగారు ముందే వచ్చి షెడ్డు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను డ్రైవరు సీటుకు ఆఖరి పూత వేస్తున్నాను. అది మధ్యలో ఆపకూడదు, ఆపితే గీత పడుతుంది. ముందు అద్దంలోంచి బాపు కనిపించాడు. చేతిలో డబ్బా, భుజం మీద తువ్వాలు. కరెంటు స్తంభం దగ్గర ఒకసారి ఆగాడు. పాన్ డబ్బా దగ్గర ఇంకోసారి ఆగి మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇంకొక్కసారి ఆగు బాపు, అనుకున్నాను నేను. సార్ చూస్తున్నాడు, ఇంకొక్కసారి.

ఆగాడు. షెడ్డుకు పది అడుగుల దూరంలో గోడ పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరుగారు లేచి ఎదురువెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. మూసిన అద్దాల వెనక నుంచి నాకు పెదవులు కదలడమే తెలుస్తోంది. స్పాంజి పక్కన పడేసి బయటికి వచ్చాను.

"ఎన్నాళ్ల నుంచి ఈ ఆయాసం?" అని అడుగుతున్నాడు డాక్టరుగారు.

"ఆయాసం ఏంది సార్? ఎండల నడిచొచ్చిన గదా, గంతే."

"పడుకుంటే దగ్గు వస్తుందా?"

"లే సార్. మంచిగ నిద్ర పడ్తది."

నేను ఉండబట్టలేకపోయాను. "బాపు, సార్‌కు నిజం చెప్పు. రాత్రంత కూసోనే ఉంటవు గదా."

బాపు నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వు పోయి పని చూస్కో బిడ్డా. రంగు ఆరిపోతది."

డాక్టరుగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు అంతా అర్థమైందని నాకు అర్థమైంది. "ఆయన లేదన్న జబ్బును నేను ఉందని రాయలేను," అని మెల్లగా నాతో అన్నాడు. "ఛాతీ ఎక్స్‌రే మాత్రం తీయించు. కారు రేపు తీసుకుంటాను." వెళ్లిపోయాడు.

సీటు మీద గీత పడింది. వీపు ఆనే భాగం మధ్యలో, అడ్డంగా. ఆ భాగమంతా తుడిచి మళ్లీ వేయాలి. నేను కారులోకి ఎక్కితే, బాపు అవతలి తలుపు తీసి, పక్క సీటులో నేను పరిచిన పేపరు మీద కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఆ ఉక్కలో ఆయన ఊపిరి ఈలలా వినబడుతోంది. దిగి బయట కూర్చోమంటే దిగలేదు.

"నన్ను ఎందుకు పిలిచినవో ఈడికి రాంగనే సమజైంది," అన్నాడు.

నేను తుడుస్తూనే ఉన్నాను.

"గా సార్ నన్ను మర్చిపోయిండు. నేను మర్చిపోలే. నువ్వు కాలేజీల ఉన్నప్పుడు నా కాలు ఇరిగింది గదా. ఇంకా రెస్టు కావాలె అన్నడు సార్. నేనే ఇనలే. డ్యూటీకి దిగుత, ఫిట్ అని రాయుండ్రి అని చేతులు జోడించిన. నీ సదువు ఆగొద్దని. గదే మనిషి ముంగట ఇయ్యాల్ల నాతోని కాదు అని చెప్పాల్నంటే నోరు రాలే."

"మరి నా సంగతేంది బాపు?"

బాపు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "బోర్డు ముంగట చెప్త," అన్నాడు చివరికి. "అన్నీ చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

మర్నాడు డాక్టరుగారు వచ్చి సీటు మీద అరచేయి పెట్టి కాసేపు ఉంచాడు. "అదే రంగు," అన్నాడు. బాపు గురించి ఆయన అడగలేదు, కాగితం గురించి నేనూ అడగలేదు.

మూడు వారాలకు కొత్తగూడెం నుంచి పిలుపొచ్చింది. బాపును లోపలికి పంపి నేను వరండాలో కూర్చున్నాను. నాలాంటి కొడుకులు ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. తిరుగు బస్సులో బాపు, "చెప్పిన బిడ్డా. ఏం దాచలే," అన్నాడు. నమ్మానన్నాను. నమ్మానో లేదో ఇప్పటికీ తెలియదు.

ఫిట్ అని వచ్చింది.

ఆ ఆదివారం మా అమ్మ చర్చిలో లేచి నిలబడి, తన భర్త ఆరోగ్యంగా ఉన్నాడని పెద్ద డాక్టర్లే చెప్పారని, దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెప్పింది. ఆమెకు ఆ కాగితం అర్థం కాక కాదు. ఏడుపు ఆపుకోవడానికి ఆమెకు దొరికిన దారి అదొక్కటే. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. బాపు తల వంచుకున్నాడు.

రెండోసారి దరఖాస్తు పెట్టేలోగా నా గడువు దాటిపోయింది. దాటిన రోజున నేను ఒక కారు వెనక సీటు రుద్దుతున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా గుర్తుకే రాలేదు. బరువు దిగుతుందేమో, ఇక ఎక్కడికైనా వెళ్లిపోవచ్చేమో అనుకున్నాను. బట్టల సంచి కూడా తీసి పెట్టుకున్నాను. వారం తర్వాత అమ్మ అందులో పాత దుప్పట్లు సర్దేసింది.

బాపు రిటైరయ్యేదాకా గనికి దిగాడు. క్వార్టర్ ఖాళీ చేసి, నా షెడ్డుకు దగ్గరలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. ఇప్పుడు ఏ బోర్డుకు తీసుకెళ్లినా ఆయన్ని అన్‌ఫిట్ అంటారు. రోజుకు మూడుసార్లు నెబ్యులైజర్ మిషన్‌తో మందు పొగ పట్టాలి. ఆ మిషన్ పెట్టడం అమ్మకు భయం, ఎంత నేర్పినా ముట్టుకోదు. అందుకని ఒక్క పూట కంటే ఎక్కువ నేను ఊరు దాటలేను.

మొన్న పొగ పడుతుండగా మాస్కు పక్కకు జరిపి అడిగాడు. "నా మీద కోపమున్నదా బిడ్డా?"

"కోపమెందుకు బాపు," అన్నాను.

"ఉంటది తియ్," అన్నాడు. మాస్కు మళ్లీ తనే సరిచేసుకున్నాడు. మందు అయిపోయేదాకా నేను ఆయన పక్కనే కూర్చున్నాను.