గోడ వైపు తిరిగిన నూనె డబ్బా

తలుపుల బందులు చేసే ఆ కార్ఖానాలో అతన్ని అందరూ పిడికిలి మేస్త్రి అనేవారు. ఎదురుగా కాదు, వెనక. ఎదురుగా మాట్లాడే అవసరం ఎవరికీ పెద్దగా రాలేదు, చెప్పాల్సింది అతని చెయ్యే చెప్పేది. రేకును ఇనుప అచ్చుల మధ్య నొక్కే పద్నాలుగు ప్రెస్సులు, ఇరవై ఆరుగురు మనుషులు, ఎనిమిదేళ్ళ మేస్త్రీగిరీ. ఆ చేతి దెబ్బ తినని వీపు షెడ్డులో లేదు. రేకు వంకరగా పెట్టినవాడికి మొట్టికాయ, ఆలస్యంగా వచ్చినవాడికి చెంపదెబ్బ, మాటకు మాట చెప్పినవాడి మీదకు ఏది చేతికందితే అది. ఒకసారి విసిరిన స్పానరుకు ఒకతని కనుబొమ్మ చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించిందీ మేస్త్రే, సాయంత్రం ఇంటి దగ్గర దిగబెట్టిందీ మేస్త్రే. అందుకని తాను మంచివాడినేనని అతనికి గట్టి నమ్మకం. కొట్టేది కోపంతో కాదట, పని మీద ప్రేమతోనట.

మనిషికి పైకి రావాలన్న ఆశ మాత్రం కొండంత. షెడ్డు ఊడవడానికి చేరినవాడు ఆపరేటరై, మేస్త్రి అయి, ఇప్పుడు మేనేజరు కుర్చీ మీద కన్ను వేశాడు. జీవితంలో ఎదగడమెలాగో చెప్పే పుస్తకాలు తెచ్చి కింద గీతలు గీసుకుంటూ చదివేవాడు. రోజూ పొద్దున్న గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసి "నేను నాయకుణ్ణి" అని మూడుసార్లు అనేవాడు. వంటింట్లో భార్య ఆ మాట వినీ వినీ, నాలుగోసారి తనే అనేసి గరిటె తిప్పుకునేది.

పై పదవికి పోటీపడేవాళ్ళకు కంపెనీ ఏటా ఒక కాగితం ఇచ్చేది, తమను తాము పరీక్షించుకుని నింపమని. అందులో ఆరో ప్రశ్న: మీలో మీరు మార్చుకోవలసినది ఏమిటి? రెండేళ్ళుగా అతని జవాబు ఒక్కటే. "పని ధ్యాసలో పడి తిండి మరచిపోవడం." అందంగా రాయడం వచ్చు కనుక ఆ కాగితం నింపేది భార్య. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆ మహానుభావుడు ఒక్క పూట భోజనం మరిచింది లేదని ఆవిడకు తెలుసు. నవ్వు ఆపుకుని రాసిపెట్టింది.

నాలుగో నంబరు ప్రెస్సు మీద పనిచేసేవాడు అతని తోడల్లుడే. ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్క మెషిన్ల మీద పనిచేసినవాళ్ళు. తన భార్య చెల్లెల్ని ఇతనికి ఇమ్మని మామగారి కాళ్ళావేళ్ళా పడి సంబంధం కుదిర్చింది కూడా ఆయనే. ఆ రోజుల్లో షెడ్డును ముసలి మేస్త్రి ఒకడు ఏలేవాడు. మెషిను పాడైందని ఎవరైనా చెబితే, పని ఎగ్గొట్టడానికి సాకులా అని రబ్బరు బెల్టుతో వీపు చీరేసేవాడు. ఆ బెల్టు వాత ఒకటి పిడికిలి మేస్త్రి భుజం మీద ఇప్పటికీ ఉంది. అలాంటివాడికి చెప్పేదెవరు? అందుకని తోడల్లుళ్ళిద్దరూ కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. ఏ మెషినుకు జబ్బు చేస్తే దాని కాలి మీద సుద్దముక్కతో చిన్న అడ్డగీత. గీత కనబడితే ఆ అచ్చు కింద చెయ్యి పెట్టకూడదు. ఆ గీత వల్ల ఎన్ని వేళ్ళు దక్కాయో లెక్కలేదు.

తాను మేస్త్రి అయిన మొదటి రోజే అతను చేసిన పని, తడిగుడ్డ పట్టుకుని పద్నాలుగు మెషిన్ల కాళ్ళు తుడవడం. నా దగ్గరే దొంగ గుర్తులా అని ఇద్దరు పనివాళ్ళని వరసలో నిలబెట్టి వాయించాడు కూడా. ఆ తర్వాత షెడ్డులో సుద్దగీత కనబడలేదు. మెషిన్లకు జబ్బులు తగ్గాయని, అది తన గొప్పేనని మేస్త్రి అనుకున్నాడు.

ఆ రోజు పై ఆఫీసు నుంచి మనుషులు చూడటానికి వచ్చారు. మేనేజరు ఎవరన్నది ఆ వారమే తేలాలి. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్ళ ముందు నడుస్తున్నాడు. మెషిన్లన్నీ దడదడమంటున్నాయి, నాలుగో నంబరు మాత్రం నత్తనడక. చూస్తే తోడల్లుడు అచ్చులోంచి ఒక్కొక్క ముక్కనూ పట్టకారుతో తీస్తున్నాడు. చేత్తో తీస్తే నిమిషానికి ముప్పై, పట్టకారుతో పన్నెండు. పరాయివాళ్ళ ముందు పరువు పోయిందని మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. పట్టకారు లాక్కుని గోడకేసి కొట్టాడు. ఆయన్ని మెడ పట్టుకుని స్టూలు మీంచి లేపి పక్కకు నెట్టాడు. ఆయన నోరు తెరిచాడు. మేస్త్రి చెయ్యెత్తాడు. ఆయన నోరు మూసుకున్నాడు.

మేస్త్రి కూర్చోబోతూ పాత అలవాటు కొద్దీ మెషిను కాలి వైపు ఒక చూపు చూశాడు. గీత లేదు. పక్కన నూనె డబ్బా ముక్కు గోడ వైపు తిరిగి ఉంటే, డబ్బా పెట్టడం కూడా చేతకాదని విసుక్కుంటూ సరిగ్గా తిప్పి పెట్టాడు. రేకు తోసి పెడలు తొక్కాడు. పై అచ్చు దిగింది, లేచింది. ముక్క తీయడానికి చెయ్యి లోపల పెట్టాడు. పెడలు ఎవరూ తొక్కకుండానే అచ్చు రెండోసారి దిగింది.

అరుపు కన్నా ముందు ఎముకలు నలిగిన చప్పుడు వినిపించిందని దగ్గరున్నవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. అచ్చు లేచేసరికి కుడిచేతికి బొటనవేలు తప్ప మిగిలిన నాలుగూ రేకుకు అతుక్కుపోయి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా నడుము దాకా ఎర్రగా తడిసింది. చూడటానికి వచ్చినవాళ్ళలో ఒకాయన అక్కడే కూలబడ్డాడు. తోడల్లుడు తన చొక్కా చింపి ఆ మొండిచేతిని బిగించి కట్టాడు.

ఆస్పత్రి మంచం మీద మేస్త్రి ఒకే మాట పట్టుకున్నాడు. అందరికీ తెలుసు, తనకొక్కడికే ఎవరూ చెప్పలేదు. క్లచ్చు అరిగి ఆ ప్రెస్సు రెండో దెబ్బ వేస్తోందని నెల్లాళ్ళుగా షెడ్డంతా ఎరుగునట. చూడ్డానికి వచ్చిన నర్సుతో కూడా ఇదే గోల. అన్నం గిన్నె ఎడమచేత్తో నేలకేసి కొట్టాడు. సెలైను స్టాండు తన్ని పడేశాడు. కుట్టు విప్పుకుని నెత్తురు కార్చుకున్నాడు. భార్య కింద మెతుకులు ఏరుతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"పోయిన నెలలో బావని అంతమందిలో కొట్టారే, ఎందుకు కొట్టారు?"

కొట్టినట్టు అతనికి గుర్తుంది. చెంప మీద పడిన చప్పుడూ గుర్తుంది. ఎందుకన్నది మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. రోజుకు నలుగుర్ని కొట్టేవాడికి ఏ దెబ్బ దేనికన్నది ఎక్కడ గుర్తుంటుంది? పాపం, ఆ మాట పైకి అనలేక, నోర్ముయ్యమని భార్యను కసిరాడు.

కట్టు విప్పిన మర్నాడే, పట్టపగలు, తోడల్లుడి ఇంటి మెట్లెక్కి తలుపు తన్నాడు. వదిన గిన్నెలు తోముతోంది. ఆవిడను దాటుకుని లోపలికి పోయి, మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్న పెద్ద తోడల్లుడి జుట్టు ఎడమచేత్తో పట్టుకుని గోడకు గుద్దాడు. పటం కింద పడి అద్దం పగిలింది. రెండోసారి గుద్దబోయేసరికి, పాతికేళ్ళుగా ఎన్నడూ చెయ్యెత్తని ఆ మనిషి తిరగబడ్డాడు. మోకాలు పొట్టలోకి దిగింది. మేస్త్రి అద్దం పెంకుల మీద వెల్లకిలా పడ్డాడు. పెద్దాయన అతని గుండెల మీద ఎక్కి కూర్చుని రెండు చెంపలూ వాయించాడు. ముక్కులోంచి నెత్తురు చెవి దాకా కారింది. వదిన మధ్యకు వస్తే ఆమెనూ తోసేశాడు. చివరికి మేస్త్రి గొంతు పట్టుకుని, పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు.

"నీకు చెప్పానురా. నాలుగో నంబరు మెషిను అన్నాను, కొట్టావు. మిగిలింది ఇప్పుడు విను. రెండో దెబ్బ వేస్తోంది, చెయ్యి పెట్టకు. అదీ నేను చెప్పాలనుకున్న మాట."

కింద ఉన్నవాడికి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే. మెషిను అన్న మాట దగ్గరే తన చెయ్యి లేచింది.

"నువ్వు గీతలు చెరిపేశాక నూనె డబ్బా పెట్టుకున్నాం," అన్నాడు పెద్దాయన, రొప్పుతూ. "ముక్కు గోడ వైపు ఉంటే చెయ్యి పెట్టకూడదని. ఎనిమిదేళ్ళుగా అందరికీ తెలుసు, నీకు తప్ప." గొంతు మీద పట్టు సడలింది. "ఆ రోజు నువ్వు దాన్ని తిప్పిపెట్టడం చూశాను. మళ్ళీ నోరు తెరిచుంటే సరిపోయేది. నిన్ను నెట్టి పడేసినా సరిపోయేది. ఒక్క క్షణం, చెయ్యి పెట్టనీ అనుకున్నాను. ఆ క్షణంలోనే అయిపోయింది."

ఆ మాట అన్నాక ఆయన పక్కకు ఒరిగి, పగిలిన అద్దం ముక్కల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మేస్త్రి లేచి నెత్తురు తుడుచుకుని మెట్లు దిగాడు. జాలి పడ్డాడనుకుంటే పొరపాటు. దిగే ప్రతి మెట్టు మీదా అతను అనుకున్నది ఒక్కటే: దొరికాడు. ఈ ఒక్క మాట పైన చెబితే వాడి ఉద్యోగం ఊడుతుంది, జైలుకు పోయినా పోతాడు.

వారం తర్వాత విచారణ. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దావిడ కాగితాలన్నీ ముందే సిద్ధం చేసి పెట్టింది. ఆపరేటరుకు లోపం తెలుసు, మేస్త్రికి చెప్పలేదు. అలా అని మేస్త్రి సంతకం పెడితే ఆపరేటరును తీసేస్తారు. తన తప్పేమీ లేకుండా దెబ్బతిన్న మేస్త్రికి, ప్రమాదంతో తేలకుండా ఆగిపోయిన మేనేజరు పదవి. ఇరవై ఐదేళ్ళ కల, బల్ల మీద, సంతకం దూరంలో ఉంది. పక్కనే ఆ ఏటి కాగితం, ఆరో ప్రశ్న కింద ఖాళీగా.

అతను ఎడమచేత్తో పెన్ను తీసుకున్నాడు. నిజానికి సంతకం పెట్టడానికే తీసుకున్నాడు. అలవాటు లేని చేతిలోంచి జారి పెన్ను కింద పడింది. పెద్దావిడ పక్కన నిలబడ్డ గుమాస్తా దాన్ని తీసి ఇవ్వడానికి వంగాడు. ఆ వేగానికి మేస్త్రి ఉలిక్కిపడి, మొండిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన చేతుల్లో తిన్న దెబ్బలు ఒళ్ళు ఇంకా మరిచిపోలేదు. గుమాస్తా అయోమయంగా చూశాడు. మేస్త్రికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎనిమిదేళ్ళుగా తాను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఇరవై ఆరుగురూ మోచెయ్యి పైకెత్తడం కళ్ళారా చూశాడు. మర్యాద అనుకున్నాడు.

"అతను చెప్పాడండీ," అన్నాడు చివరికి. "మాట సగంలో ఉండగా నేనే కొట్టాను."

ఇంకేమైనా చెప్పాలా అని ఆవిడ అడిగింది. ఆ ఒక్క క్షణం సంగతి అతని నాలుక చివర దాకా వచ్చింది. లేదన్నాడు. సంతకం పెట్టవలసిన కాగితం అవతలికి నెట్టి, ఆరో ప్రశ్న కింద వంకర టింకర అక్షరాలతో తానే రాశాడు. "నాకు నిజం చెప్పాలంటే మనుషులకు భయం. ఆ భయం పెట్టింది నేను." రాయడానికి పావుగంట పట్టింది. భార్య చేతిరాత కాకుండా అతను నింపిన మొదటి జవాబు అదే.

మేనేజరు పదవి బయటివాడికి పోయింది. ఇతనికి హెచ్చరిక ఇచ్చి, మేస్త్రీగానే ఉండనిచ్చారు. నాలుగో నంబరుకు కొత్త క్లచ్చు వేశారు. పెద్దాయన పనిలోనే ఉన్నాడు. ఇద్దరికీ మాటల్లేవు.

తిరిగి పనిలో చేరిన రోజు అతను షెడ్డులో నడుస్తుంటే మెషిన్లు ఒక్కొక్కటే ఆగాయి. మోచేతులు లేచాయి. కొట్టడానికి వేళ్ళు లేవని తెలిసి కూడా లేచాయి. అతను ఎవరినీ ఏమీ అనకుండా తన గది దాకా పోయాడు. తలుపు పక్కన నేల మీద ఒక నూనె డబ్బా ఉంది, ముక్కు గోడ వైపు తిరిగి.

అది కొత్తగా పెట్టింది కాదు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఈ డబ్బా ఇక్కడెందుకని ఎన్నిసార్లు తిట్టాడో, ఎన్ని ఉదయాలు దాన్ని కాలితో తిప్పాడో. మర్నాటికి మళ్ళీ గోడ వైపే తిరిగి ఉండేది. ఏ మెషినూ లేని చోట నూనె డబ్బాతో పనేమిటని అతనికి ఎన్నడూ తోచలేదు.

ఇప్పుడు తోచింది, ఆ గుర్తు చెబుతున్న జబ్బు మెషిను తానేనని. అలవాటు కొద్దీ కాలు ముందుకు పోయింది. వెనక్కి తీసుకున్నాడు. షెడ్డులో ఒక్క మెషినూ ఆడటం లేదు, ఇరవై ఆరుగురూ అతని కాలినే చూస్తున్నారు. డబ్బాను అలాగే ఉంచి, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. తలుపు మాత్రం వెయ్యలేదు.